విశ్వవిద్యాలయంలో క్రైస్తవ వేదాంతం: శ్రీశైలం నుండి ఒక పరిశీలన

క్రైస్తవ వేదాంతాన్ని విశ్వవిద్యాలయంలో చదవడమనే విషయానికీ శ్రీశైలానికీ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చు. నల్లమల అడవుల నడుమ, కృష్ణానది ఒడ్డున వెలసిన ఆ శైవక్షేత్రం పేరు వింటే మల్లికార్జునుడు, శివరాత్రి యాత్ర గుర్తుకు వస్తాయి గాని క్రైస్తవ పాఠాలు గుర్తుకు రావు. అయినప్పటికీ, భారతదేశపు విశ్వవిద్యాలయాల తలుపులు ఏ మతపు వేదాంతానికీ తెరుచుకోకుండా చేసిన ప్రభుత్వ విధానం మొదట ఎక్కడ, ఎలా పనిచేసిందో చూడాలంటే రాయలసీమలో శ్రీశైలానికి మించిన ఉదాహరణ లేదు.

ముందుగా ఒక మాట. తెలుగు క్రైస్తవులు థియాలజీని “వేదాంతం” అంటారు. వారి మతాచార్యులను తయారుచేసే విద్యాలయాలకు “వేదాంత కళాశాల” అని పేరు. ముస్లిం పాఠకులు దీనిని ఉపనిషత్తుల వేదాంతంగా భావించరాదు. ఉలమా భాషలో ఇల్మె కలాం, ఇలాహియాత్ అనే విద్యలకు ఇది దగ్గరిది. దేవుని ఉనికి, ఆయన గుణాలు, దివ్యవాణి, విమోచన, సంఘ వ్యవస్థ మొదలైన విషయాలపై విశ్వాసులు తర్కబద్ధంగా చేసే విచారణ అది. ఈ వ్యాసంలో ఆ మాట ఈ అర్థంలోనే వాడబడింది.

శ్రీశైలాన్ని వదులుకున్న ప్రభుత్వం

19వ శతాబ్ది తొలి భాగంలో శ్రీశైలం కర్నూలు పఠాన్ నవాబుల ఏలుబడిలో ఉండేది. ఉత్సవాలకు వచ్చే యాత్రికుల నుండి నవాబు ప్రభుత్వం పన్ను వసూలు చేసేది. 1839లో ఈస్టిండియా కంపెనీ సేనలు కర్నూలు మీదికి వచ్చాయి. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకొని తిరుచిరాపల్లికి పంపివేశారు. కర్నూలుతో పాటు శ్రీశైల దేవస్థానం కూడా కంపెనీ చేతికి వచ్చింది.

అయితే కంపెనీ దానిని ఎక్కువ కాలం అట్టే పెట్టుకోలేదు. దేవాలయాల ఆదాయ వ్యయాలు చూడడం, ఉత్సవాలు జరిపించడం, యాత్రికుల పన్ను పుచ్చుకోవడం క్రైస్తవ ప్రభుత్వానికి తగని పనులని ఇంగ్లండులోని మతోద్ధారకులు, ఇక్కడి మిషనరీలు చాలాకాలంగా ఆందోళన చేస్తూ వచ్చారు. వారి ఒత్తిడి ఫలితంగా 1833లో కంపెనీ డైరెక్టర్లు ప్రజల మత వ్యవహారాల నుండి అధికారులు తప్పుకోవాలని ఉత్తరువు పంపారు. మద్రాసు రాజధానిలో ఆ ఉత్తరువు అమలు కావడానికి మరికొన్నేళ్లు పట్టింది. కర్నూలు కంపెనీ వశమయ్యే సరికి ఆ అమలు జోరుగా సాగుతూ ఉంది. కనుక 1840ల ఆరంభంలోనే శ్రీశైల దేవస్థానపు అజమాయిషీని కడప జిల్లాలోని పుష్పగిరి పీఠాధిపతులకు అప్పగించి ప్రభుత్వం చేతులు దులుపుకొన్నది.

ఇది దేవాలయానికి సంబంధించిన చిన్న మార్పుగా పైకి కనిపిస్తుంది. నిజానికి ఒక పెద్ద సూత్రం దీని వెనుక ఉంది. మతం ప్రజల సొంత వ్యవహారం, ప్రభుత్వం అందులో చెయ్యి పెట్టదు అనేదే ఆ సూత్రం. దీనికి “మత తటస్థత” అని పేరు వచ్చింది. మిషనరీలు దీనిని కోరి తెప్పించుకున్నారు. కాని కొద్దికాలానికే అది వారికీ అడ్డు తగిలింది.

1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు సర్కారు పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని ప్రతిపాదించాడు. మద్రాసులోని తెలుగు వర్తకుడు, “క్రెసెంట్” పత్రికను 1844లో స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి మొదలైనవారు మిషనరీల ప్రాబల్యానికి ఎదురు నిలిచిన కాలమది. 1847లో డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనను త్రోసిపుచ్చారు. దేవాలయం నుండి ప్రభుత్వాన్ని తప్పించిన న్యాయమే పాఠశాల నుండి బైబిలును తప్పించింది. శ్రీశైలంలో ఒక విధంగానూ, మద్రాసు పాఠశాలలో మరొక విధంగానూ ఉండడానికి ఆ న్యాయానికి వీలు లేకపోయింది.

1854లో రెండు సంఘటనలు

ఈ చరిత్రలో 1854వ సంవత్సరం గుర్తుంచుకోదగినది. ఆ ఏడు ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో ప్రసిద్ధమైన మునాజరా జరిగింది. ఒకవైపు “మీజానుల్ హఖ్” రచయిత, జర్మను మిషనరీ పాదరీ ఫండర్. రెండవవైపు మౌలానా రహ్మతుల్లా కైరానవీ, ఆయనకు తోడుగా డాక్టర్ వజీర్ ఖాన్. బైబిలు గ్రంథపాఠంలో మార్పులు జరిగాయా అన్నది ముఖ్యమైన చర్చాంశం. వజీర్ ఖాన్ ఇంగ్లండులో వైద్యవిద్య అభ్యసించినవాడు. బైబిలు పాఠాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించిన యూరపు పండితుల గ్రంథాలు ఆయన వద్ద ఉండేవి. ఫండర్ అప్పటికి తగినంతగా చూడని ఆ గ్రంథాలనే మౌలానా, డాక్టరు ముందు పెట్టారు. వ్రాతప్రతుల్లో కొన్ని చోట్ల పాఠభేదాలు ఉన్న మాటను ఫండర్ ఒప్పుకోవలసి వచ్చింది. తరువాత మౌలానా ఇస్తాంబూలులో అరబీ భాషలో రచించిన “ఇజ్‌హారుల్ హఖ్” 1864లో వెలువడి ముస్లిం ప్రపంచమంతటా చదవబడింది.

ఇందులో ఒక విశేషాన్ని గమనించాలి. ఆగ్రాలో ముస్లిం పక్షానికి బలమిచ్చిన ఆ విమర్శ గ్రంథాలు చాలా వరకు యూరపులోని క్రైస్తవ వేదాంత పండితుల శ్రమ ఫలితాలే. క్రైస్తవులు తమ విశ్వవిద్యాలయాల్లో తమ గ్రంథాన్ని తామే పరీక్షించుకొన్నారు. ఆ పరీక్షా ఫలితం ఆగ్రాకు చేరింది. అంటే క్రైస్తవ వేదాంతాన్ని విద్యగా చదివిన ముస్లిం, చదవని పాదరీ కంటే ఆ వేదికపై ఎక్కువ తెలిసినవాడయ్యాడు.

అదే ఏడు జూలైలో లండను నుండి చార్లెస్ వుడ్ పేరు మీద ప్రసిద్ధమైన విద్యాపత్రం వచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలకు అదే పునాది. ఆ విశ్వవిద్యాలయాల పట్టా పరీక్షల్లో మత విశ్వాసానికి సంబంధించిన విషయాలేవీ ఉండరాదని అందులో నిర్ణయించబడింది. 1857లో మూడు విశ్వవిద్యాలయాలూ ఆ ప్రకారమే ఏర్పడ్డాయి. కడప, కర్నూలు జిల్లాల విద్యార్థులకు చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. అక్కడ అరబీ, సంస్కృతం భాషలుగా ప్రవేశించాయి. అఫ్జలుల్ ఉలమా వంటి ప్రాచ్య పరీక్షలు అరబీ పండితులకు గుర్తింపునిచ్చాయి. మిషనరీ కళాశాలల్లో బైబిలు బోధ జరిగినా దానికి విశ్వవిద్యాలయ పరీక్షలో మార్కులు లేవు.

ఆగ్రా వేదిక, వుడ్ విద్యాపత్రం రెండింటినీ కలిపి చూసినప్పుడు తరువాతి వంద సంవత్సరాల చరిత్ర అర్థమవుతుంది. పరమతాన్ని నిదానంగా, గురువు వద్ద, పరీక్షకు లోబడి చదివే చోటు మూసుకుపోయింది. వాదం చేసే వేదిక మాత్రం తెరిచి ఉండిపోయింది. బజారులోను, తిరునాళ్లలోను, కరపత్రాల్లోను మతచర్చ సాగింది. తరగతి గదిలో మాత్రం సాగలేదు.

డేనిష్ రాజు ఇచ్చిన సనదు

ఈ నియమానికి ఒకే ఒక పెద్ద మినహాయింపు ఉంది. అది బెంగాలులోని సేరంపూరు. హుగ్లీ నది మీది ఆ పట్టణం అప్పట్లో డెన్మార్కు రాజ్యానిది. తన ఏలుబడిలో మిషనరీలు ఉండడం కంపెనీకి ఇష్టం లేని రోజుల్లో విలియం కేరీ 1800లో అక్కడికి చేరాడు. ఆయన, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు కలిసి 1818లో కళాశాల స్థాపించారు. క్రైస్తవులతో పాటు ఇతర మతాల యువకులకు కూడా ప్రాచ్య సాహిత్యం, యూరపు శాస్త్రాలు నేర్పడం దాని ఉద్దేశం. కులం, వర్ణం, దేశం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని దాని నిబంధనల్లో రాయబడింది.

1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఆ కళాశాలకు ఒక సనదు ఇచ్చాడు. కోపెన్‌హాగెన్, కీల్ విశ్వవిద్యాలయాల వలెనే పట్టాలు ఇచ్చే అధికారం దాని వల్ల లభించింది. 1845లో డెన్మార్కు సేరంపూరును ఇంగ్లీషువారికి అమ్మినప్పుడు కళాశాల హక్కులు చెక్కుచెదరకుండా ఉండేలా ఒడంబడికలో షరతు పెట్టబడింది. అందువల్ల బ్రిటిషు మత తటస్థత ఆ సనదును తాకలేకపోయింది. అయినా చాలాకాలం ఆ అధికారం వాడకుండానే ఉండిపోయింది. 1915లో మొట్టమొదటిసారి ముగ్గురికి బి.డి. పట్టా ఇవ్వబడింది. 1918లో బెంగాలు శాసనసభ చేసిన సేరంపూరు కళాశాల చట్టం ద్వారా అన్ని ప్రధాన సంఘాలకు ప్రాతినిధ్యం గల సెనేటు ఏర్పడింది. దేశంలోని అనేక వేదాంత కళాశాలలు ఆ సెనేటుకు అనుబంధమై అది పెట్టే పరీక్షలకు తమ విద్యార్థులను పంపసాగాయి.

తెలుగు దేశంలో బాప్టిస్టులకు నెల్లూరు దిక్కున రామాయపట్నంలోను, లూథరన్లకు రాజమండ్రిలోను, ఆంగ్లికన్ మొదలైన సంఘాలకు దోర్నకల్లులోను వేరువేరు వేదాంత విద్యాలయాలు నడిచేవి. 1964లో ఇవి కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా రాజమండ్రిలో ఏర్పడి, 1973లో హైదరాబాదుకు మారాయి. ఆ విధంగా కడప, నంద్యాల ప్రాంతాల నుండి వచ్చిన యువకుడు హైదరాబాదులో చదివి, బెంగాలు సెనేటు పరీక్ష రాసి, ఒక డేనిష్ రాజు ఇచ్చిన సనదు బలంతో పట్టభద్రుడయ్యే విచిత్రమైన ఏర్పాటు కలిగింది.

1918వ సంవత్సరంలోనే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడిందని ఇక్కడ గుర్తు చేసుకోవడం తగును. అందులో ఆరంభం నుండే దీనియాత్ శాఖ ఉండేది. 1920లో విశ్వవిద్యాలయమైన అలీగఢ్‌లోనూ సున్నీ, షియా దీనియాత్ బోధనకు చోటు కల్పించబడింది. అంటే తటస్థ సర్కారు విశ్వవిద్యాలయాలు మూసిన తలుపును నిజాము ఫర్మానా ఒకచోట, ముస్లిం సమాజపు కృషి మరొకచోట, డేనిష్ సనదు ఇంకొకచోట తెరిచాయి. కాని ఈ మూడు చోట్లా ప్రధానంగా ఎవరి వేదాంతాన్ని వారే చదువుకొన్నారు.

ఒక ఇంటి నుండి రెండు దారులు

సేరంపూరు దగ్గర అల్దీన్ అనే భవనం ఉండేది. అందులో ఆంగ్లికన్ మతాచార్యుడు డేవిడ్ బ్రౌన్ కాపురముండేవాడు. ఆయన ఫోర్టు విలియం కళాశాల అధిపతిగా కూడా పనిచేశాడు. 1806లో కేంబ్రిడ్జి పట్టభద్రుడైన హెన్రీ మార్టిన్ అనే యువ మతాచార్యుడు ఆ ఇంటికి అతిథిగా వచ్చి నెలల తరబడి ఉన్నాడు. తరువాత ఆయన మిర్జా ఫిత్రత్ సహాయంతో క్రొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించాడు. పారశీక అనువాదం కోసం ఇరాను వెళ్లి, 1812లో తిరుగుదారిలో తుర్కీ దేశంలోని తోకాత్‌లో మరణించాడు.

అదే ఇంటి బిడ్డ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో జన్మించిన అతడు, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. అక్కడే తెలుగు నేర్చాడు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను నియమించి తెలుగు కావ్యాల వ్రాతప్రతులను పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలను సేకరించి ఇంగ్లీషులోకి అనువదించాడు. తెలుగు బైబిలు అనువాదంలోనూ శ్రమించాడు. కచేరీ తెలుగులో కలిసిపోయిన అరబీ, పారశీక, ఉర్దూ మాటల కోసం 1854లో “మిశ్రభాషా నిఘంటువు” వెలువరించాడు. రాయలసీమ ముస్లింలు రోజూ పలికే జమాబందీ, అమీను, ఫిర్యాదు వంటి మాటలకు తెలుగు నిఘంటువుల లోకంలో గౌరవం దక్కడంలో ఆ పుస్తకం పాత్ర తక్కువది కాదు.

ఒకే ఇంటి నుండి బయలుదేరిన ఈ రెండు దారులూ చివరకు తెలుగు దేశంలోనే కలిశాయి. మార్టిన్ పేరిట 1930లో లాహోరులో ఇస్లామీయ అధ్యయనాల పాఠశాల ప్రారంభమైంది. ముస్లింల మధ్య పనిచేసే క్రైస్తవులకు ఇస్లాం గురించి బోధించడం దాని మొదటి ఉద్దేశం. అది పలు ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరింది. కాలక్రమేణా అందులో వాదానికి బదులు పరస్పర అవగాహన, సంభాషణ ముఖ్యమయ్యాయి. ఇక కడపలో బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలో ఆయన పేరిట గ్రంథాలయం వెలసి, తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం అజమాయిషీలోకి వచ్చింది.

క్రైస్తవులు ఇస్లామును చదవడానికి ఒక సంస్థను పెట్టుకొని తొంభై ఏళ్లకు పైగా నిలుపుకొన్నారు. ఉద్దేశం మొదట ఏదైనా, అరబీ నేర్చినవారు, ఖురాన్ వ్యాఖ్యానాలు చదివినవారు వారిలో తయారయ్యారు. హీబ్రూ, గ్రీకు నేర్చి క్రైస్తవ వేదాంతాన్ని మూలాల నుండి చదివిన ముస్లింలను తయారుచేసే అటువంటి సంస్థ తెలుగునాట రాలేదు. ఈ లోటు చిన్నది కాదు.

మాటలు ఎవరివి?

లోటు ఎక్కడ బయటపడుతుందో అనువాదం చేసేవారికి బాగా తెలుస్తుంది. విశాఖపట్నంలో లండన్ మిషనుకు చెందిన డెగ్రాంజెస్, ఆనందరాయరు సహాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటి నుండి శతాబ్దానికి పైగా బైబిలు అనువాదకులు పాత సంస్కృత పదాలకు కొత్త అర్థాలు తొడిగారు. “ప్రవక్త” అంటే సంస్కృతంలో వివరించి చెప్పేవాడు. దేవుని సందేశం తెచ్చిన నబీ అనే అర్థంలో ఆ మాట తెలుగులో స్థిరపడింది. తరువాత ఇస్లామీయ సాహిత్యం తెలుగులో వెలువడినప్పుడు ప్రవక్త, దేవదూత, విశ్వాసి, తీర్పు దినం మొదలైన మాటలు సిద్ధంగా దొరికాయి.

ఇందులో సౌలభ్యం ఉంది, ప్రమాదమూ ఉంది. “ప్రవక్త” అనగానే క్రైస్తవ పాఠకునికి ముఖ్యంగా యెషయా, యిర్మీయా వంటివారు తోస్తారు. ముస్లిం పాఠకునికి హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) మొదలుకొని అంతిమ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వరకు గల పరంపర తోస్తుంది. “వాక్యం” అనే మాట చూడండి. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) విషయంలో “కలిమతుల్లాహ్” అనే పదం ఖురాన్‌లోనూ ఉంది. క్రైస్తవులు యోహాను సువార్తను అనుసరించి ఆయనను “వాక్యం” అంటారు. అది గ్రీకు “లోగోస్”కు తెలుగు. మాట ఒకటే, అర్థాల నడుమ దూరం మాత్రం అపారం. క్రైస్తవునికి ఆ వాక్యం నిత్యమైనది, సృష్టి కానిది. ముస్లింకు అది “అగుగాక” అనే దైవాజ్ఞతో కలిగిన పుట్టుకకు సూచన. ఈ తేడా తెలియని అనువాదకుడు రెండు మతాలకూ అన్యాయం చేస్తాడు. తేడా తెలియాలంటే ఆ వేదాంతాన్ని చదవక తప్పదు.

నంద్యాలలో ఒక వేదాంత సమస్య

వేదాంతం పుస్తకాలకు పరిమితమైన వ్యవహారమని, రాయలసీమ పల్లెల్లో దాని ప్రసక్తి ఉండదని కొందరు భావిస్తారు. నంద్యాల చరిత్ర అందుకు సమాధానం. శ్రీశైలం 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఉంది. ఆ జిల్లా కేంద్రం పరిసరాల్లో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను పనిచేసింది. కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషను పనిచేసింది. ఇరువురూ క్రైస్తవులే, ఇరువురూ ఇంగ్లండు నుండి వచ్చినవారే. అయితే ఎస్.పి.జి. వారికి బిషపు ఉన్నాడు, లండన్ మిషను వారికి ఆ పదవి లేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ భారత సంఘంగా ఏర్పడ్డాయి. ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే ఇది గొప్ప ఘట్టం. బిషపు చేతుల మీదుగా అభిషేకం పొందని పాత గురువులను కూడా కొత్త సంఘం గురువులుగా అంగీకరించింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది దీనికి సమ్మతించక ఐక్యతకు దూరంగా ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసిస్ అయింది. దక్షిణ భారత సంఘంలో అది చేరడం 1970వ దశకంలో గాని జరగలేదు.

వెలుపలివారికి ఇది పదవుల తగాదాగా కనిపించవచ్చు. ముస్లిం పాఠకులు దీనిని సులువుగా అర్థం చేసుకోగలరు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) శిష్యుల నుండి బిషపు తరువాత బిషపుగా చేతులు మారుతూ వచ్చిన అధికారమే నిజమైన గురుత్వమని ఆంగ్లికన్లలో ఒక వర్గం విశ్వాసం. కడప పెద్ద దర్గాలో పీరు నుండి పీరుకు సాగే సిల్‌సిలాను, హదీసు విద్యలో ఉస్తాదు నుండి శిష్యునికి అందే ఇజాజత్‌ను ఎరిగినవారికి ఈ భావన కొత్త కాదు. గొలుసులో ఒక కడియం తెగితే ఏమవుతుందనే ప్రశ్న రెండు చోట్లా ఉంది. జవాబులు వేరు కావచ్చు. పొరుగువారి తగాదాలోని అసలు ప్రశ్న తెలిసినప్పుడు మాత్రమే వారిని గురించి న్యాయంగా మాట్లాడడం సాధ్యమవుతుంది.

మదరసా విద్యార్థికి ఏమి దొరుకుతుంది?

సేరంపూరు సెనేటు పాఠక్రమంలో పాత నిబంధన, క్రొత్త నిబంధన, సంఘ చరిత్ర, సిద్ధాంతం, నీతిశాస్త్రం, ఇతర మతాల అధ్యయనం ముఖ్య భాగాలు. హీబ్రూ, గ్రీకు భాషలు మూలగ్రంథ పఠనానికి సాధనాలు. మదరసాలో సర్ఫ్, నహ్వ్ చదివిన విద్యార్థి ఈ తరగతిలో కూర్చుంటే అపరిచితుడేమీ కాడు. హీబ్రూ కూడా అరబీ వలెనే మూడక్షరాల ధాతువు మీద నడుస్తుంది. సలాం, షాలోం, ఇలాహ్, ఎలోహీం ఒకే కుటుంబపు మాటలు. పాఠభేదాలను, వ్రాతప్రతుల వయస్సును తూచే విద్య అతనికి ఇస్నాదును, రావీలను పరీక్షించే విద్యను గుర్తుకు తెస్తుంది. క్రీ.శ. 325లో నైకేయ సభ, 451లో కాల్సిడన్ సభ తేల్చబోయిన ప్రశ్నలను చదివినప్పుడు, దైవగుణాలు దైవసత్తతో ఏకమా భిన్నమా, ఖురాన్ సృష్టమా అసృష్టమా అనే ముతకల్లిమీన్ చర్చలు మనసుకు వస్తాయి. పోలిక ఉన్నంత మాత్రాన సిద్ధాంతం ఒకటి కాదు. తౌహీద్‌కూ త్రిత్వానికీ నడుమ గల భేదం ఆ తరగతిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇది ముస్లిం విద్యా సంప్రదాయానికి విరుద్ధం కాదు. బాగ్దాదులో ఖలీఫా అల్ మహదీ 8వ శతాబ్దిలో నెస్టోరియన్ మతాధిపతి మొదటి తిమోతితో స్వయంగా చర్చించాడు. గ్రీకు వైద్య గ్రంథాలను అరబీ చేసిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. అల్ బైరూనీ పరమతాల పండుగలను, కాలగణనను వారి మాటల ప్రకారమే నమోదు చేశాడు. 12వ శతాబ్దిలో షహ్రస్తానీ తన “అల్ మిలల్ వన్నిహల్”లో మల్కానీ, నస్తూరీ, యాఖూబీ అనే మూడు క్రైస్తవ వర్గాల సిద్ధాంతాలను వేరువేరుగా వివరించాడు. భారతదేశంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1862లో “తబ్యీనుల్ కలాం” పేరిట బైబిలుకు వ్యాఖ్యానం ప్రారంభించాడు. గ్రంథప్రజలతో వాదించవలసి వస్తే ఉత్తమమైన రీతిలోనే వాదించాలని ఖురాన్ సూరె అన్‌కబూత్‌లో ఆదేశిస్తున్నది. ఎదుటివాని మాట ఏమిటో తెలియకుండా ఉత్తమమైన రీతి ఎట్లా సాధ్యం?

తెరుచుకున్న తలుపులు

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి కొంత మారింది. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ విశ్వవిద్యాలయాల్లో మతాచార్యుల జీవితాలను, ప్రపంచ మతగ్రంథాల నుండి ఎంపిక చేసిన భాగాలను బోధించాలని సూచించింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ జరుగరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అయితే మతబోధ వేరు, మతాలను గురించిన అధ్యయనం వేరని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. 1967లోనే పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో మతాల అధ్యయన శాఖ ఏర్పడి, ఇస్లాం, క్రైస్తవం, సిక్కు, హిందూ, బౌద్ధ మతాలను ఒకే కప్పు కింద చేర్చింది. 1980లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయనాల శాఖ వెలిసింది. 1857లో ఏ విశ్వవిద్యాలయం వేదాంతానికి తలుపు మూసిందో ఆ విశ్వవిద్యాలయమే ఒక తలుపు తెరిచిందన్నమాట.

ఇక శ్రీశైలం. 1985లో స్థాపించబడిన తెలుగు విశ్వవిద్యాలయం తన చరిత్ర, సంస్కృతి, పురాతత్త్వ విభాగాన్ని శ్రీశైలంలో నెలకొల్పింది. 1840లలో ప్రభుత్వం మతం పేరు చెప్పి వదిలిపెట్టిన చోటికి, సుమారు ఒకటిన్నర శతాబ్దం తరువాత విశ్వవిద్యాలయం చదువు పేరుతో తిరిగి వచ్చింది. గుడి నిర్వహణ కోసం గాక, శాసనాలు చదవడానికి, ఆచారాలను అర్థం చేసుకోవడానికి వచ్చింది. శైవుడు కాని విద్యార్థి కూడా శైవ శాసనాన్ని చదివి నేర్చుకోవచ్చునని దీనివల్ల తేలుతున్నది. క్రైస్తవుడు కాని విద్యార్థి క్రైస్తవ వేదాంతాన్ని చదివినా అంతే.

డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించినప్పుడు ముస్లిం యువకుడు తన దీన్‌ను నిలుపుకొంటూనే ఆధునిక విద్య అందుకోవాలని ఆశించారు. ఆ ఆశకు ఇది కొనసాగింపే. కడప, కర్నూలు జిల్లాల్లో ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు పక్కపక్క వీధుల్లో ఉంటున్నాయి. ఒకే బడికి పిల్లలను పంపుతున్నాయి, ఒకే కరువును అనుభవిస్తున్నాయి. వారి విశ్వాసాన్ని గురించి ముస్లింలకు తెలిసింది ఎక్కువ భాగం వాదగ్రంథాల నుండి వచ్చింది. ముస్లింల విశ్వాసాన్ని గురించి వారికి తెలిసిందీ అటువంటిదే. ఆగ్రా వేదిక మీద మౌలానా కైరానవీ చూపిన శ్రద్ధలో వాదాన్ని చాలామంది వారసత్వంగా తీసుకొన్నారు. ఆ వాదానికి ముందు ఆయన, వజీర్ ఖాన్ ఎదుటివారి పుస్తకాలతో గడిపిన రాత్రులను తీసుకొన్నవారు తక్కువ.

మదరసా చదువు ముగించి, అరబీ వ్యాకరణం చేతిలో ఉన్న యువకులు కొందరైనా హీబ్రూ, గ్రీకు నేర్చి, క్రైస్తవ వేదాంతాన్ని దాని గురువుల వద్ద, దాని గ్రంథాల నుండి చదివి, తాము చదివినదాన్ని తేట తెలుగులో నిష్పక్షపాతంగా రాసిన రోజున ఈ లోటు తీరుతుంది. అంగీకరించవలసిన చోట అంగీకారం, విభేదించవలసిన చోట విభేదం అప్పుడు ఎరుకతో కూడినవవుతాయి.